అయ్య రాయి దగ్గర చదవవలసింది

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్,
ఆగస్టు.

రాజకుమారి వదినకు,

మరదలు కనక రాసేది. వదినగారూ అని రాస్తే నువ్వు నవ్వుతావు, ఒసే రాజీ అని రాస్తే అన్నయ్య కోప్పడతాడు. ఆశ్రమ పాఠశాలలో నాతో ఒకే కంచంలో తిన్నదానివి, మా అన్నయ్యను కట్టుకుని నా మీద పెద్దరికం సంపాదించావు. సరే, సంతోషించు.

మన సీకుపుట్టులో ఫోను పలకాలంటే కొండెక్కాలి కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం అన్నావు. నాకూ అదే నయం. ఫోనులో అయితే గొంతు పట్టిచ్చేస్తుంది. సంతకి ముంచింగిపుట్టు వెళ్లినప్పుడల్లా పోస్టాఫీసులో అడుగుతూ ఉండు.

ఎమ్మెస్సీ బోటనీ క్లాసులు మొదలయ్యాయి. అంతా ఇంగ్లీషే. అయ్య విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగకి కూడా లాటిన్ పేరుంది. అది పలకడానికి నాకో పూట పట్టిందని అయ్యతో చెప్పు, నవ్వుకుంటాడు. మొదటి రోజు మేడమ్ నన్ను లేపి ఏదో అడిగారు. అర్థంకాక "ఏటండీ?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. అప్పటి నుంచి ఇక్కడ నా పేరు ఏటి. "ఏటి వచ్చింది, చోటివ్వండి" అంటారు. నేనూ నవ్వేస్తున్నాను. మనమే ముందు నవ్వేస్తే వాళ్లకి పని తగ్గుతుంది.

నా గదిలో ఫ్లోరెన్స్ అనే అమ్మాయి ఉంది. వాళ్ల నాన్న అరకు దగ్గర మిషన్ బడిలో టీచరు. పడుకునే ముందు నా పేరు కూడా చేర్చి ప్రార్థన చేస్తుంది. మన దేవతలకి ఇక్కడి అడ్రసు తెలియదు కదా, ఆవిడ దేవుడైనా చూసుకుంటాడులే అని ఊరుకున్నాను.

అయ్య దగ్గు ఎలా ఉంది? ప్రతి ఉత్తరం చివర్లో ఆయన మాట ఒకటి రాయి. ఆయన చెప్పింది చెప్పినట్టే రాయాలి, నువ్వు చక్కదిద్దకూడదు.

నీ మరదలు,
కనక

*

సీకుపుట్టు,
సెప్టెంబరు.

ఒసే కనకా,

నీ ఉత్తరం సంతలోనే నిలబడి చదివాను. ఉల్లిపాయలు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చి మీ అన్నతో తిట్లు తిన్నాను. ఆ పాపం నీదే.

దూరపు కొండలు నునుపని మైదానం వాళ్లు అంటారు. కొండ మీద ఉన్న మనకి దూరపు మైదానమే నునుపు. నువ్వు పుస్తకాలు గుండెకి హత్తుకుని నడుస్తున్నావని నేను ఊహించుకుంటుంటే, నువ్వు "ఏటి" అని పేరు పెట్టించుకుని కూర్చున్నావా? ఆ నవ్వినవాళ్లని ఒకసారి మన ఊరు పంపు. నేరేళ్ల వాగు దాటమను. అప్పుడు మనం నవ్వుదాం.

సామలు బాగా వచ్చాయి. మీ అన్న కాఫీ తోటలో మిరియం తీగలు కడుతున్నాడు. ఊళ్లో అందరికీ "మా సెల్లి పెద్ద సదువు సదువుతన్నాది" అని చెప్పుకుని తిరుగుతున్నాడు. ఏం చదువురా అని అడిగితే "సెట్ల సదువు" అంటాడు. దిసారి మంగ్లు తాత, అదే మన ముహూర్తాలు చూసే పెద్దాయన, "సెట్ల గురించి తెలుసుకోడానికి కొండ దిగాలేటిరా?" అన్నాడట. ఊరు రెండు రోజులు నవ్వింది.

మావ దగ్గు అలాగే ఉంది. ముంచింగిపుట్టు ఆసుపత్రిలో బిళ్లలిచ్చారు. వేసుకోమంటే చొక్కా జేబులో దాచుకుంటున్నాడు. ఇదిగో ఆయన మాట, అక్షరం మార్చలేదు:

"తినకుండా సదివితే బుర్రకెక్కదు. తినీసి సదివితే నిద్దరొత్తాది. అందుకే నిలబడి సదువు."

నీ వదిన,
రాజకుమారి

*

లేడీస్ హాస్టల్,
అక్టోబరు.

వదినా,

నిలబడే చదువుతున్నానని అయ్యతో చెప్పు. ఫ్లోరెన్సుకి నేను పిచ్చిదానిలా కనిపిస్తున్నాను.

ఒక వింత విను. ఇక్కడ నాకు ఉద్యోగం దొరికింది, ధింసా ఆడటం. మంత్రిగారు వచ్చినా ధింసా, పక్క రాష్ట్రం ప్రొఫెసర్లు వచ్చినా ధింసా, ఏదో కొత్త భవనానికి రిబ్బన్ కత్తిరించినా ధింసా. ఏజెన్సీ నుంచి వచ్చిన ఆడపిల్లలందరినీ ఏరి, సాంస్కృతిక కమిటీ సారు ఒక జట్టు కట్టారు. రిహార్సల్సు క్లాసుల టైములోనే. అటెండెన్సు నేను చూసుకుంటానమ్మా అన్నారు. ఆరంజి చీర మోకాళ్ల పైకి కట్టించి, తలలో ప్లాస్టిక్ పూలు పెడతారు. మన కొండ మీద ఎవరే ప్లాస్టిక్ పూలు పెట్టుకునేది?

అయినా నిజం చెప్పనా? క్లాసులో కూర్చోవడం కంటే అదే హాయిగా ఉంది. క్లాసులో ఒక సారు నన్ను లేపి పాఠం పైకి చదివిస్తారు. నేను చదువుతుంటే ఆయన బల్ల మీద వేలితో కొడుతూ ఉంటారు, ఎప్పుడవుతుందా అన్నట్టు. ధింసాలో నా నడుం వెనక ఇంకో పిల్ల చెయ్యి ఉంటుంది. కాలు తప్పినా వరస నన్ను ఈడ్చుకుపోతుంది. అందుకని రిహార్సల్ అంటే ముందు నేనే వెళ్తున్నాను.

పేపర్లో మా ఫోటో వచ్చింది, పంపుతున్నాను. ఎడమ నుంచి మూడోదాన్ని నేనే. ఏడవకు, నవ్వుతూనే ఉన్నాను.

కనక

*

సీకుపుట్టు,
నవంబరు మొదటి వారం.

కనకా,

ఫోటో గోడకి అన్నం మెతుకులతో అంటించాను. చీమలు పట్టాయి. మీ అన్న చీమలు దులిపి మళ్లీ అంటించాడు. ఊళ్లోవాళ్లంతా వచ్చి చూసి వెళ్తున్నారు. గొప్పదానివయ్యావు.

కానీ నీ ఉత్తరం నాకు నచ్చలేదు. ఆడటానికి అక్కడిదాకా వెళ్లాలా? ఇక్కడ ఆడితే తినడానికి చికెనైనా పెడతారు. ఆ సారు అటెండెన్సు చూసుకుంటానన్నాడు సరే, పరీక్ష కూడా ఆయనే రాస్తాడా? కోపం తెచ్చుకోకు. నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని, నాకేం తెలుసు అంటావు. ఆగిపోయినదాన్ని కాబట్టే చెబుతున్నాను.

కాఫీ పండ్లు ఎర్రబడ్డాయి. తెల్లారితే తోటలోనే ఉంటున్నాం. మావ ఈ ఏడు పండ్లు కోయడానికి రాలేకపోతున్నాడు. అరుగు మీద కూర్చుని కోసినవాళ్లని తిడుతున్నాడు, పచ్చికాయ తెంపారని. ఒళ్లు కాస్త తగ్గింది. నువ్వు కంగారుపడకు. తిట్టే ఓపిక ఉన్నంతవరకు భయం లేదని మా అమ్మ అనేది.

మావ మాట:

"పొటోలో సిక్కిపోనావు. కూడు ఎడతన్నారా నేదా? ఏటైనా పరీచ్చ రాసీసే ఇంటికి రా. రాయకుండా వచ్చినావా, గుమ్మంలోనే కాలిరగ్గొడతాను."

రాజకుమారి

*

లేడీస్ హాస్టల్,
నవంబరు ఆఖరు.

వదినా,

ఇక్కడ అంతా బాగుంది. చదువు బాగానే సాగుతోంది. పరీక్షలు డిసెంబరు ఆఖర్లో. అటెండెన్సు కొంచెం తగ్గిందన్నారు. కమిటీ సారు మాట్లాడతారు, అదేం పెద్ద విషయం కాదు. అన్నయ్యతో అనకు.

ఒకసారి ఇంటికి రావాలని ఉంది. ఊరికే. రెండు రోజులు ఉండి వెళ్తాను. మన పొయ్యి దగ్గర కూర్చుని అంబలి తాగాలని ఉంది, అంతే, ఇంకేం లేదు. అయ్య కాలిరగ్గొడతానన్నాడు కాబట్టి ముందు అడుగుతున్నాను. ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు కదిపి చూడు.

రమ్మంటే ఒక్క ముక్క రాయి, ఆ రోజే బయల్దేరతాను.

కనక

*

సీకుపుట్టు,
డిసెంబరు మొదటి వారం.

చి॥ల॥సౌ॥ కనకకు,

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. ఇప్పుడు రావద్దు. ఘాట్ రోడ్డులో మంచు ఎక్కువగా ఉంది, బస్సులు సరిగా తిరగడం లేదు. కాఫీ పనుల్లో మాకూ తీరిక లేదు. పరీక్షలు రాసి, నెమ్మదిగా రా. మీ అన్న కూడా అదే చెప్పమన్నాడు.

వేళకి తిను. మనసు పెట్టి చదువు.

మావ మాట: "బాగా చదువు తల్లీ. నీ మీద నాకు బెంగ లేదు."

రాజకుమారి

*

అరకు బస్టాండు,
డిసెంబరు.

రాజకుమారికి,

వదినా అని రాయబుద్ధి కావడం లేదు.

ఇక్కడ ఏదో ఉత్సవం జరిగింది. కమిటీ సారు మా జట్టుని తీసుకొచ్చారు. స్టేజీ పెద్దది, వరస నిండటానికి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లని కూడా మాలో కలిపారు. ఎండ ఇంకా తగ్గలేదు. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కట్టుకుని నిలబడ్డాం. తుడుం మోగింది. నాలుగు అడుగులు వేశాక, నా పక్కనున్న ఆవిడ తల తిప్పి నా మొహం చూసింది. మన పక్కూరి సోములమ్మ.

"ఓలమ్మో, నువ్వు సోంబరు కూతురివి కాదేటి? మీ అయ్య మైల తీరనేదు కదే! ఎలాగ ఆడతన్నావే?"

ఎవరి మైల అని అడిగాను. నిజంగానే అడిగాను. నేనేదో ఎగతాళి చేస్తున్నాననుకుంది పాపం.

"మీ అయ్యని మట్టి సేసినపుడు నానొచ్చినాను. పెద్ద దినం అవనేదు. నీకు సెప్పనేదా?"

నా నడుం వెనక నుంచి చెయ్యి లాగేసుకుంది. లాగేసుకుని ఆ చేతిని చీరకి తుడుచుకుంది. నేను మాత్రం ఆగలేకపోయాను. అటువైపు పిల్ల నన్ను పట్టుకునే ఉంది, వెనక వాయించేవాళ్లు హుషారు మీద ఉన్నారు, వరస నన్ను ఈడ్చుకుపోయింది. అయ్య చచ్చిపోయాడని తెలిశాక కూడా ఒక చుట్టు ఆడాను. జనం చప్పట్లు కొట్టారు.

దిగాక సోములమ్మ దూరంగా నిలబడి ఒక్కటే మాట అంది: "ఈ కాళ్లతో ఇంటికెల్లకు. పెద్దలు ఏటంటారో కనుక్కో." నిజమే కదా. మన ఊళ్లో మైల ఉన్నవాళ్లు వరసలో కలిస్తే, చేతులు కట్టుకున్న అందరికీ అంటుతుంది. నేను ఆ ఆడవాళ్లందరికీ అంటించాను.

"బాగా చదువు తల్లీ" అని రాశావు చూడు, అది చదివి ఎంత మురిసిపోయానో తెలుసా? పుట్టాక అయ్య నన్ను ఒక్కసారి కూడా తల్లీ అనలేదు. ఫ్లోరెన్సుకి చూపించాను. మా అయ్య మెత్తబడ్డాడు అన్నాను. చచ్చిపోయిన మనిషి నోట్లో మాట ఎలా పెట్టావే? చేతులెలా వచ్చాయి?

రమ్మంటే వస్తానని రాశాను కదా. నువ్వు మంచు ఎక్కువగా ఉందన్నావు.

ముంచింగిపుట్టు బస్సు నా ముందే ఆగి ఉంది. కండక్టరు "ఎక్కుతావా అమ్మా?" అని పిలిచాడు. నేను ఎక్కలేదు. ఈ ఉత్తరం అతనికే ఇస్తున్నాను, పోస్టాఫీసులో ఇమ్మని.

కనక

*

సీకుపుట్టు,
జనవరి.

కనకా,

నన్ను ఎన్ని తిట్టినా పడతాను. జరిగింది మాత్రం విను.

ఇంటికి రానా అని నువ్వు రాసిన ఉత్తరం వచ్చేసరికి మావ ఉన్నాడు. మంచం మీద ఉన్నాడు, కాళ్లు పొంగిపోయాయి. చదివి వినిపించాను. తర్వాత మీ అన్ననీ నన్నూ పిలిచి, మా అరచేతుల్లో సామలు పోయించి ఒట్టు పెట్టించుకున్నాడు.

"మన కనక గుంట, ఆలమ్మ సచ్చిపోనపుడు పరీచ్చ ఒగ్గీసి వచ్చీసింది. ఏడాదంతా గడప మీద కూకుంది. నాను సూసినాను. మల్లీ అలాగ సూడనేను. నానుండినా నేకపోనా, రాసినాకే సెప్పండి."

సామలు పట్టుకుని వేసిన ఒట్టు తప్పితే ఆ ఇంట గింజ పుట్టదంటారు. నీకు తెలుసు. మర్నాడు డోలీ కట్టి నలుగురూ మోసుకెళ్లారు. రోడ్డు ఎక్కకముందే, వాగు దగ్గరే పోయాడు. మీ అన్న డోలీ దింపనివ్వలేదు. ఆసుపత్రి దాకా మోయండి అని అరిచాడు. ఆఖరికి మంగ్లు తాత వెళ్లి అతని భుజం మీది కర్ర తీశాడు.

ఆయన్ని మట్టి చేసి వచ్చాక నీకు రావద్దని ఆ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. చివర్లో మావ మాట లేకపోతే నీకు అనుమానం వస్తుందని రాశాను. ఆయనలా తిట్టడం నాకు రాలేదు. తిట్టే ఓపిక నాకెక్కడిది ఆ రోజు? నోటికొచ్చింది నేను అనుకున్న మాటే.

నువ్వు అరకులో ఆడిన సంగతి మీద పక్కూరి పెద్దలు వచ్చారు. మన పెద్దలూ కూర్చున్నారు. మీ అన్న లేచి నిలబడ్డాడు. "గుంటకి తెల్దు. సెప్పనోన్ని నాను. తప్పు నాది" అన్నాడు. ఏడాది పాటు అతను పంక్తిలో కూర్చోకూడదు, అతని చేతి నీళ్లు ఎవరూ తాగకూడదు అని తీర్పు చెప్పారు. పెద్ద దినం మాఘంలో పెట్టారు. ఆ రోజు మావకి రాయి నిలబెడతాం కదా, రాయి ముందు మొదటి గుప్పెడు అన్నం కూతురు పెట్టాలి. ఈసారి నువ్వు పెట్టకూడదన్నారు. నీ బదులు ఇంకెవరూ పెట్టకూడదట. ఆ గుప్పెడు లేకుండానే జరుగుతుంది.

అన్నీ విని మీ అన్న ఏమన్నాడో తెలుసా? "అయితే అవనీ. గుంట పరీచ్చ రాసింది. అయ్య మాట నిలబడింది" అన్నాడు. ఇప్పుడు అన్నం వాకిట్లో విడిగా కూర్చుని తింటున్నాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే మాట చెబుతున్నాడు.

అతను నిన్ను అడగమన్నది ఒక్కటే. పరీక్షలెలా రాశావో ఒక కాగితం మీద రాసి పంపు. నిన్ను రానివ్వకపోయినా నీ మాట రానివ్వొచ్చని మంగ్లు తాత ఒప్పుకున్నాడు. రాయి నిలబెట్టగానే నేను పైకి చదవాలి. మావ వింటాడని మీ అన్న నమ్మకం. రాయి దగ్గర పలికే మాటలో అబద్ధం ఉండకూడదని నీకు నేను చెప్పక్కర్లేదు. ఉంటే పోయినవాళ్లకి దారి దొరకదంటారు.

బేగి పంపు.

నీ వదిన,
రాజకుమారి

*

యూనివర్సిటీ దగ్గర, ఫ్లోరెన్స్ వాళ్ల చిన్నమ్మ ఇల్లు,
జనవరి ఆఖరు.

వదినా,

ఇందులో రెండు కాగితాలున్నాయి. ఇది నీకు ఒక్కదానికే. చదివి పొయ్యిలో పెట్టు.

నేను పరీక్ష రాయలేదు. ఒక్క పేపరు కూడా రాయలేదు. అటెండెన్సు లేదని హాల్ టికెట్ ఇవ్వలేదు. ధింసాకి వెళ్లిన రోజులన్నీ గైర్హాజరు కిందే పడ్డాయి. మిగతా రోజులు నేనే ఎగ్గొట్టాను, అబద్ధం ఎందుకు? పాఠం పైకి చదవమంటారని భయపడి లైబ్రరీ వెనక కూర్చునేదాన్ని. ఇంటికి రానా అని నీకు రాసిన రోజు ఉదయమే నాకు ఆ సంగతి తెలిసింది. చెప్పుకుని ఏడవడానికి వద్దామనుకున్నాను. అయ్య కాలిరగ్గొడతాడని భయపడి ముందు అడిగాను. అడక్కుండా బస్సెక్కి ఉంటే ఆయన ఉండగానే వచ్చేదాన్ని. డోలీ వెనక నడిచేదాన్ని. కాలు విరగ్గొట్టించుకునేదాన్ని.

అరకు ప్రోగ్రాంకి వస్తే హాల్ టికెట్ ఇప్పిస్తానని కమిటీ సారు అన్నారు. అందుకే ఆడాను. ఆ సాయంత్రం ఆయనకి అదే స్టేజీ మీద శాలువా కప్పారు. తర్వాత వెళ్లి అడిగితే, "రూల్స్ ఉంటాయి కదమ్మా, వచ్చే ఏడాది మళ్లీ చేరు" అన్నారు. మీరు నా పరీక్ష చెడకూడదని అయ్య చావు దాచారు. ఆయన పోయిన రోజు నేను హాస్టల్ గదిలో ఊరికే గోడ చూస్తూ పడుకుని ఉన్నాను వదినా. ఏ పరీక్షా లేదు. ఏ చదువూ లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రెండు చోట్లా ఓడిపోయాను. హాస్టల్ ఖాళీ చేయించారు. అక్కడికి రాకూడదు, ఇక్కడ ఉండటానికి ఏ వంకా లేదు. ఫ్లోరెన్స్ వాళ్ల చిన్నమ్మ పొమ్మనడం లేదు కాబట్టి ఉన్నాను.

రాయి దగ్గర అబద్ధం పలకకూడదని నాకూ తెలుసు. రాత్రంతా ఆలోచించాను. నిజం చదివితే అన్నయ్య వాకిట్లో కూర్చుని తింటున్నది దేనికి? అతనికి ఇంక ఏం మిగులుతుంది? మైలలో ఆడినదాన్ని, ఆ తప్పు మీద ఇదొకటి. అయ్యకి దారి దొరక్కపోతే ఆ పాపం నాది, నీది కాదు. నువ్వు నేను రాసింది చదివావు, అంతే. గొంతు వణక్కుండా చదువు.

కనక

(ఇది పైకి చదవవలసింది.)

అయ్యకు, అన్నయ్యకు, మన ఊరి పెద్దలకు,

కనక దండం పెట్టి చెప్పుకునేది. అయ్యా, పరీక్షలన్నీ రాశాను. ఒక్కటి కూడా వదల్లేదు. అడిగినవన్నీ నాకు వచ్చినవే. మొదట్లో ఇంగ్లీషుకి భయపడ్డాను గానీ తర్వాత అలవాటైంది. క్లాసులో అందరూ నన్ను పేరు పెట్టే పిలుస్తున్నారు. పాసవుతాను. పెద్దలూ, అన్నయ్యని ఎవరూ ఏమీ అనకండి. అయ్యా, అతను నీ మాట నిలబెట్టాడు. నువ్వు నా కోసం ఎదురుచూడకుండా వెళ్లు అయ్యా. నువ్వు పోయిన రోజు కూడా నేను చదువుకుంటూనే ఉన్నాను.